అనసూయమ్మ చీరల గ్రూపు

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, తరువాత నన్ను అనొద్దు. పెనుకొండ హైస్కూల్లో ముప్పై మూడేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ‘ల’కూ ‘ళ’కూ తేడా తెలియకుండా రాసేవాణ్ని చూస్తే ఈనాటికీ నా కుడిచెయ్యి బెత్తం కోసం వెతుక్కుంటుంది. రిటైరైన రోజు పిల్లలు శాలువా కప్పి ఒక ఫోను చేతిలో పెట్టారు. అందులో వాట్సాప్ ఉంటుందని, అది తెరిస్తే లోకంలోని తప్పులన్నీ నా అరచేతిలోకే వచ్చి కూర్చుంటాయని నాకేం తెలుసు?

మొదట్లో మర్యాదగానే దిద్దేవాణ్ని. ఎవరైనా తప్పు రాస్తే దాని కింద నక్షత్రం గుర్తు వేసి సరైన మాట పెట్టేవాణ్ని, అంతే. ‘శుబోదయం’ అని పంపితే ‘*శుభోదయం’. ‘సుభాకాంక్షలు’ అంటే ‘*శుభాకాంక్షలు’. ఒక్కరైనా మంచి పని చేశారు సార్ అన్నారా? అనలేదు. మా పాత డ్రిల్లు మాస్టరు పోయినప్పుడు బడి గ్రూపులో ఎవరో ‘ఆయన ఆత్మకు శాంతి చేకురాలి’ అని పెట్టారు. ఊరుకోలేక కింద ‘*చేకూరాలి’ అన్నాను. మూడు రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు.

“సచ్చిపోయినోళ్ల కాడ గూడా మీ దీర్ఘాలేనా?” అంది మా ఆవిడ నాగమణి. “ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారంట.”

“భాష పోతుంటే చూస్తూ కూర్చోమంటావా?”

“బాస యాడికీ పోదులే. మనుషులే పోతారు మిమ్మల్ని ఇడ్సిపెట్టి.”

నాగమణి మాట నేనెప్పుడు చెవిన పెట్టాను గనక.

ఇక మా చెల్లెలు అనసూయ. ధర్మవరంలో మా నాయన చౌడప్ప ఇచ్చిపోయిన మగ్గం మీదే ఇప్పటికీ పట్టుచీరలు నేస్తుంది, మొగుడు సంజీవప్పతో కలిసి. చదివింది అయిదో తరగతి. నాలుగేళ్ల కిందట దాని కూతురు యమున ‘అనసూయమ్మ మగ్గం చీరలు’ అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, తల్లికి ఫోన్లో తెలుగు కొట్టడం నేర్పించింది. చీరలు మధ్యవాళ్ల చేతుల్లో పడకుండా నేరుగా కట్టుకునేవాళ్ల ఇళ్లకు పోవడం మొదలైంది. హిందూపురం, కదిరి, బెంగుళూరు, అన్నీ కలిపి రెండు వందల మంది ఆడవాళ్లు చేరారు. ఏ బుద్ధి పుట్టిందో, యమున నన్ను కూడా అందులో చేర్చింది.

మా అనసూయ ఎలా రాస్తుందో ఒకటి చూపిస్తాను.

‘వంకాయ రంగు చీర దించినా. బార్డరు చిలక పచ్చ. మా యింటాయన ఈ రంగు వద్దన్యాడు. నేను ఇన్లేదు. ఇప్పుడు ఆయప్పే చూస్తా కుచ్చున్యాడు. ఇది కట్టుకోని పెల్లికి పోతే అందరు మిమ్మల్నే చూస్తారు పెల్లికుతుర్ని ఎవురు చూడరు.’

దీని కింద ఆడవాళ్లు నవ్వే బొమ్మలు వరసగా పెట్టేవాళ్లు. ‘మీ ఆయన్ను కూడా ఒక ఫోటో పెట్టక్కా’ అని ఒకామె. ‘ఆ చీర నాకే, ఎవరికీ ఇయ్యాకు’ అని ఇంకొకామె. వాళ్లు మురిసిపోయి నవ్వుతున్నారని నాకు తట్టలేదు. నా చెల్లెల్ని చూసి నవ్వుతున్నారనుకున్నాను. ఒక తెలుగు పండితుడి సొంత చెల్లెలు రెండు వందల మంది ముందర ‘పెల్లికుతురు’ అని రాస్తే నా రక్తం మరిగిపోయింది.

ఒకనాడు సాయంత్రం ఇంకో చీర గురించి ఇంత పొడుగు రాసి పెట్టింది. నేను దాన్ని ఫోటో తీసి, తప్పు ఉన్న ప్రతిచోటా ఎర్రగా సున్నా చుట్టాను. ఇరవై ఒక్క సున్నాలు వచ్చాయి. కింద ‘20కి 4. ఇంకా శ్రద్ధ పెట్టవలెను’ అని రాసి, దానికి ఒక్కదానికి పంపకుండా ఆ గ్రూపులోనే పెట్టాను. నలుగురిలో చెబితేనే బుద్ధి వస్తుందని బళ్లో నమ్మినవాణ్ని. మంచే చేస్తున్నాననుకున్నాను, ఒట్టు.

ఒకరిద్దరు పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు. హిందూపురంలో టైలరింగు అంగడి పెట్టుకున్న భవాని అనే ఆమె మాత్రం, ‘సార్ మీరెవరో గాని మాకు చీరలు కావల్ల మార్కులు కాదు’ అంది. ఎద్దు పుండు కాకికి నొప్పా అనుకుని ఊరుకున్నాను. ఆ రోజు ఆ కాకిని నేనేనని తెలుసుకోవడానికి మూడు నెలలు పట్టింది.

అనసూయ ఒక్కటే ముక్క పెట్టింది: ‘సరె అన్నా.’

‘సరే’కు దీర్ఘం లేదని అప్పుడు కూడా గమనించాను. పాపిష్టి కళ్లు.

అంతే, ఆ తరువాత గ్రూపులో అనసూయ రాయలేదు. వట్టి ఫోటోలు వచ్చేవి. కొన్నాళ్లకు వాటి కింద యమున ఇంగ్లీషులో రెండు ముక్కలు పెట్టేది: న్యూ స్టాక్, ప్యూర్ సిల్క్. ‘అక్కా యాడికి పోయినావు?’ అని అడిగేవాళ్లు అడిగి అడిగి మానేశారు. చీర ఫోటో కింద బొటనవేళ్లు రెండు, మూడు. తరువాత అవీ లేవు. తప్పులు లేవు కదా, నేను సంతోషంగా ఉండాలి. ఉన్నానా? పొద్దున లేవగానే ఫోను తీసి మొదట ఆ గ్రూపే చూసేవాణ్ని. ఏమీ లేకపోతే కాఫీ కూడా రుచించేది కాదు. నాలుగేళ్లుగా నేను తప్పులు పట్టడానికి చదువుతున్నానని అనుకున్నాను గానీ, అనసూయ ఆ రోజు ఏం వండింది, సంజీవప్పతో దేనికి పోట్లాడింది, ఎండ ఎంత ఉంది, అన్నీ నాకు ఆ చీరల రాతల్లోంచే తెలిసేవి.

ఫోను చేస్తే యమునే ఎత్తేది. “అమ్మ మగ్గం మింద ఉండాది మామా.” పొద్దున చేసినా మగ్గం మీదే. రాత్రి అన్నం వేళకు చేసినా మగ్గం మీదే.

“ముందు గడప దాటి పోయి మాట్లాడండి,” అంది నాగమణి.

“అన్నను నేను. దిద్దే హక్కు నాకు లేదా?”

“ఉండాది. దాన్ని నెత్తిన పెట్టుకోని ఊరేగండి.”

అలా మూడు నెలలు నా బింకంలో నేనున్నాను. ఒకరోజు యమునే ఫోను చేసింది. గొంతు మామూలుగా లేదు.

“మామా, అమ్మ నీకు చెప్పొద్దనింది. నాయన బండి మిందినుంచి పడినాడు. కుడిచెయ్యి ఇరిగింది. కట్టు కట్టినారు. భవానక్క కూతురి పెండ్లి చీర సగం మగ్గం మింద ఉండాది. పెండ్లికి పన్నెండు దినాలే. బార్డరు పక్కకు మనిషి దొరకలే. పెండ్లిండ్ల కాలం, అందరికీ ఎవురి పని వాళ్లకుండాది. నాకు సెలవు రెండు దినాలే ఇచ్చినారు.”

మా ధర్మవరం పెండ్లి చీరల సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. చీర ఒంటి రంగు ఒకటి, అంచు రంగు ఒకటి. ఒంటికి ఒక నాడె, అంచుకు ఇంకొక నాడె. నాడె అంటే అడ్డంగా నేసే పేక పోగును అటూ ఇటూ మోసుకుపోయేది. అసలు నేతగాడు ఒంటి పోగు విసరగానే, పక్కన కూర్చున్నవాళ్లు అంచు పోగు దానికి తగిలించి వెనక్కి విసరాలి. ఒక్కరితో అయ్యే పని కాదు. ఆ రెండో మనిషి లేకపోతే మగ్గం మూగదైపోతుంది.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో నేను ఆ పక్కన కూర్చున్నవాణ్నే. “నేనొస్తాండా,” అన్నాను యమునతో. నేనేనా అన్నానని నాకే ఆశ్చర్యం వేసింది. నాగమణి సంచిలో రెండు లుంగీలు, నడుము నొప్పి మందు పెట్టి, “కోపం ఈడే పెట్టి పోండి,” అంది.

ధర్మవరంలో అనసూయ ఇంటికి పోయేసరికి సంజీవప్ప చేతికి కట్టుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. విషయం విని నోరు తెరిచాడు. “ఏమి బావా, నువ్వా? మగ్గం మిందనా? అయిపాయ, చీర పోయినట్టే!”

అనసూయ నవ్వలేదు. నన్ను చూసి, “కాళ్లు కడుక్కోని రా అన్నా,” అంది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టేముందు కడుక్కోవడం మా ఇంటి పద్ధతి. అంతకుమించి ఒక్క మాట లేదు. ఇన్నాళ్లు ఎందుకు రాలేదనీ లేదు, ఎందుకు వచ్చావనీ లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

గుంతలో కాళ్లు వేలాడేసి కూర్చోగానే మా నాయన మాట గుర్తొచ్చింది. అమ్మకు చూపు మందగించి మగ్గం దిగేసిన ఏడు అది. నేను తొమ్మిదో తరగతి, అనసూయ అయిదు. ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి నాయన అన్నాడు: “మగ్గానికి ఇద్దరు కావల్ల. బడికి ఒకరు పోతే చాల్లే.” ఆ పోయిన ఒకణ్ని నేను. మరుసటి రోజు నుంచి అనసూయ నాయన పక్కన కూర్చుంది. దాని పెన్సిలూ నోటుపుస్తకాలూ కూడా నాకే వచ్చాయి. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. ఇంటి తలుపు ఏ రంగో తెలిసినట్టు తెలుసు. దాని గురించి ఎన్నడూ ఆలోచించలేదు, అదీ నిజం.

మొదలుపెట్టాం. అనసూయ ఒంటి నాడె విసిరింది. నేను అంచు నాడె విసిరాను. ఆలస్యమైంది. మళ్లీ విసిరింది. ఈసారి నేను ముందే విసిరేశాను. పోగు పోగును పట్టుకోకుండా మధ్యలో వదులుగా నిలిచిపోయింది. అనసూయ కాలు ఆపి, వంగి, ఆ పోగును మెల్లగా వెనక్కి తీసి, నాడెను నా చేతిలో పెట్టి మళ్లీ తొక్కింది. నేను మళ్లీ తప్పాను. అది మళ్లీ విప్పింది. ముఖంలో విసుగు లేదు, నిట్టూర్పు లేదు. మధ్యాహ్నం అన్నానికి లేచేలోపు నా తప్పులు నేనే లెక్కపెట్టుకున్నాను. ముప్పై ఎనిమిది. అందులో రెండుసార్లు పోగే తెంపాను. నాకు నేను మార్కులు వేసుకుంటే సున్నా కూడా ఎక్కువే.

సాయంత్రానికి నాకే ఓపిక చచ్చింది. ఇంటికి పోతే నా నోట కూడా ఇంటి మాటే వస్తుంది.

“పాపా, ఏమన్నా అను. తిట్టు. ఇట్ల మూగదాని మాదిరి విప్పుకుంటా కుచ్చుంటే నాకెట్లో ఉండాది.”

అది తల ఎత్తకుండానే చెప్పింది. “తిడితే చెయ్యి ముడుచుకుంటాదన్నా. చెయ్యి ముడుచుకుంటే పోగు బిగుసుకుంటాది. అది చీరలో కనపడ్తాది. నాయన నాకు నేర్పిచ్చేటప్పుడు ఒక్క మాట అన్లేదు. తప్పు పోతే విప్పేది, మళ్లా ఏసేది. మగ్గం కాడ అంతే.”

పోగు విప్పుతూనే, అదే గొంతుతో అంది: “తప్పు పోయిందని ఈదిలోళ్లనంతా పిల్చి చూపిచ్చరు గదా ఎవురూ.”

నాకు తలకొట్టేసినట్టయింది. నా బడికని బార్డరు పక్కన కూర్చున్న పిల్ల అది. అలా వచ్చిన చదువుతోనే నేను దానికి ఇరవైకి నాలుగు వేశాను, రెండు వందల మంది చూస్తుండగా. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. చెల్లెలి ముందర ఏడవలేక, కింద పడని నాడెను కింద పడినట్టు వెతుక్కున్నాను.

“తప్పు నాదే పాపా,” అన్నాను చివరికి.

“ఏ తప్పు? ఇప్పుడు పోయిందా, అప్పుడు పోయిందా?”

“రెండూ.”

“అయితే ఇప్పటిది విప్పుకుందాం పా,” అంది. అప్పటిదాని మాట ఎత్తలేదు.

ఆరు రోజులు కూర్చున్నాను. నడుము విరిగిపోయింది. మూడో రోజుకు చేతికి లయ దొరికింది. అయిదో రోజు ఒక జాన మేర ఒక్క తప్పు లేకుండా నేశాం. అరుగు మీది నుంచి సంజీవప్ప, “బావా, నీకు నెల జీతం ఇస్తా, ఈడే ఉండిపో,” అన్నాడు. అనసూయ నాకు ఇష్టమని అలసంద వడలు వేసింది. మాట్లాడింది కూడా, ఉప్పు చాలిందా, నాగమణి వదిన బాగుందా అని. ఫోను మాత్రం ముట్టుకోలేదు. అది గోడకు ఉన్న మేకుకు కవరులో వేలాడుతూనే ఉంది.

ఆరో రోజు సాయంత్రం నేత పూర్తయి మగ్గం మీంచి చీర దించాం. కుంకుమ రంగు ఒళ్లు, మామిడాకు పచ్చ అంచు. యమున ఉద్యోగం నుంచి వచ్చి ఫోటో తీసింది. “అమ్మా, రాయి,” అంది.

“నాకు రాదు,” అంది అనసూయ. “మామను రాయమను. ఆయన రాస్తే తప్పులుండవు.”

నాకు భయం వేసింది, కానీ కాదనలేకపోయాను. ఫోను తీసుకుని రాశాను: ‘శ్రేష్ఠమైన పట్టుతో, సంప్రదాయబద్ధమైన నైపుణ్యంతో నేయబడిన ఈ కల్యాణ వస్త్రము వధువు సౌందర్యమును ద్విగుణీకృతము చేయగలదు.’ ఒక్క అక్షరం తప్పు లేదు. యమున చదివి, “బాగుండాది మామా,” అని గొణిగింది. పంపింది.

కాసేపటికి ఫోను మోగింది. భవాని. యమున స్పీకరు నొక్కింది.

“ఏమ్మా, అది రాసింది ఎవురు? అనసూయమ్మ రాసింది కాదు. ఆమెకు ఒళ్లు బాగుండాదా? మూడు నెల్లాయ, ఒక్క మాట లేదు. మా పాప పెండ్లికి ఆమె చేత్తో నేసిన చీరే కట్టల్లని నేను ఈడ అందరికీ చెప్పుకున్యాను. నిజం చెప్పు, ఇది ఆమె నేసిందేనా, యాడన్నా అంగట్లో తెచ్చి పంపిస్తాండారా?”

యమున ఏదో చెప్పబోయింది. భవాని, “ఆమెను రాయమను. అప్పుడు నమ్ముతా,” అని పెట్టేసింది.

అనసూయ ముఖం నల్లబడింది. యాభై ఏళ్లుగా మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషిని అంగట్లో కొన్నావా అంటే ఎలా ఉంటుంది? భవానిది తప్పనలేను. ఆమెకు ఆ అనుమానం వచ్చేలా చేసింది నేను. ఈ చీర వెనక్కి వచ్చిందంటే నా చెల్లెలు ఇంకెప్పటికీ ఆ గ్రూపులో ఒక్క అక్షరం రాయదు. చీర పోవడం కన్నా అదే నాకు ఎక్కువ భయమనిపించింది.

“నువ్వు చెప్పన్నా. నువ్వు చెప్పింది చెప్పినట్టు కొడతా,” అంది ఫోను చేతిలోకి తీసుకుని.

“నేను చెప్పను. నీకెట్లొస్తే అట్ల రాయి.”

రెండు అక్షరాలు కొట్టి నా ముఖం చూసింది. చెరిపింది. మళ్లీ కొట్టి మళ్లీ చూసింది. బళ్లో చివరి బెంచీ పిల్లలు బోర్డు దగ్గరికి వచ్చి సరిగ్గా అలాగే చూసేవాళ్లు. అప్పుడు అది భక్తి అనుకునేవాణ్ని. భయమని ఇప్పుడు తెలిసింది, నా చెల్లెలి కళ్లల్లో చూశాక. ఎంతమంది పిల్లల చేతులు అలా ముడుచుకుపోయాయో ఏమో.

“నేను ఈదిలోకి పోతాండా. రాసి పంపు. నన్ను అడగాకు,” అని లేచి బయటికి వచ్చేశాను.

వీధిలో రెండు వైపులా ఇళ్లల్లో మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. అటు చివరికి, ఇటు చివరికి తిరిగాను. జేబులో ఫోను మోగదు. ఇరవై నిమిషాలైంది. ఇది రాయదు, దీని చేత మాన్పించేశానురా అనుకుని వెనక్కి తిరగబోతుంటే టింగుమంది.

‘బవానమ్మ కుతురు పెల్లి చీర దించినా. కుంకం రంగు. బార్డరు మామిడాకు పచ్చ. మా యింటాయన చెయ్యి ఇరిగింది అందుకని బార్డరు మా అన్న ఏసినాడు. పెనుకొండల పెద్ద తెలుగు సారు. శానా తప్పులు పోయినాడు. అన్ని ఇప్పి మల్ల ఏపిచ్చినా. ఇప్పుడు ఎంత ఎతికిన ఒక్కటి కనపడదు. అరవై దాటిన మనిసి ఆరు దినాలు నడుం నొప్పి అనకుండ కుచ్చున్యాడు. మా నాయన ఉంటే ఎంత సంతోసపడునో. నేను బాగుండాను బవానమ్మ. చీర నాదే.’

వీధి దీపం కింద నిలబడి మూడుసార్లు చదివాను. మూడోసారి అక్షరాలు సరిగ్గా కనబడలేదు. చదువుతుండగానే కింద గలగలమని వచ్చి పడుతున్నాయి, ‘అక్కా వచ్చినావా’, ‘మీ అన్నకు నమస్తే చెప్పు’ అని. భవాని, ‘ఇప్పుడు నమ్మినా. సారును గూడా పెండ్లికి పిల్చుకోని రా’ అని పెట్టింది.

“అన్నా, వచ్చిందా?” ఇంట్లోంచి అనసూయ అరిచింది.

“వచ్చింది పాపా!”

“తప్పులెన్ని పోయినాను?”

పద్నాలుగు. ముప్పై మూడేళ్ల అలవాటు, ఏడుస్తున్నా లెక్క ఆగలేదు.

“నేను చూడలేదు,” అన్నాను.

“అబద్దాలు చెప్పాకు. నీ సంగతి నాకు తెల్దా?” అని అనసూయ పెద్దగా నవ్వింది. ఆ నవ్వు విని మూడు నెలలైంది. కండువాతో కళ్లు తుడుచుకుని లోపలికి పోయాను.